మీ ప్రశ్నలు – మా జవాబులు: కణం గుమ్మం దగ్గర అమైనో ఆమ్లాలు

హోమోసిస్టీన్ రిపోర్టులు, ఆర్జినిన్ పొడులు, జిమ్‌కి వెళ్లేవాళ్లు తాగే బీసీఏఏ (మూడు అమైనో ఆమ్లాల మిశ్రమం) డబ్బాలు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వీటి గురించే. మూడింటికీ గుండె జబ్బుతో ఏదో లంకె ఉందని అందరూ ఎక్కడో చదివారు. అయితే రక్తంలో ఉన్నది కణంలోకి ఎలా పోతుందో, కణంలో ఉన్నది బయటికి ఎలా వస్తుందో తెలియకుండా ఆ లంకె బోధపడదు. అందుకే మొదటి జవాబు అక్కడినుంచే.

ప్రశ్న: అమైనో ఆమ్లాలు చాలా చిన్న అణువులు కదా, ఆక్సిజన్‌లాగా నేరుగా కణంలోకి ఎందుకు దూరిపోవు?

జవాబు: ఇబ్బంది సైజుతో కాదు, విద్యుదావేశంతో. కణపొర నడిమి భాగమంతా కొవ్వు. ఆవేశం లేని ఆక్సిజన్ ఆ కొవ్వులో కరిగి దాటిపోతుంది. అమైనో ఆమ్లానికి రక్తపు పీహెచ్ 7.4 దగ్గర ఒక చివర ధనావేశం, ఇంకో చివర రుణావేశం ఉంటాయి. ఆర్జినిన్, లైసిన్‌లకైతే పక్కగొలుసు మీద మరో ధనావేశం అదనం. అలాంటివి కొవ్వును దాటాలంటే పొరలో పాతుకుని ఉన్న వాహక ప్రొటీన్ కావాల్సిందే. మనిషిలో ఇలాంటి వాహకాలు 400కు పైగా ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి ఎస్‌ఎల్‌సీ కుటుంబాలు అంటారు. అన్నీ అమైనో ఆమ్లాలనే మోయవు. చక్కెరలకు, లవణాలకు, విటమిన్లకు వేరేవి ఉన్నాయి.

వాహకం రెండు తలుపులున్న చిన్న గదిలాంటిది. బయటి తలుపు మూసుకుంటే గాని లోపలి తలుపు తెరుచుకోదు. ఆ గదిని తిప్పే శక్తి మూడు రకాలుగా వస్తుంది. కొన్ని వాహకాలు సోడియం తోపు మీద నడుస్తాయి: కణం బయట సోడియం లీటరుకు సుమారు 140 మిల్లీమోల్‌లు, లోపల 10–15 మాత్రమే, కాబట్టి లోపలికి జారే సోడియం అమైనో ఆమ్లాన్ని వెంటబెట్టుకు వస్తుంది. కొన్ని కణపొర వోల్టేజీ మీద నడుస్తాయి. కణం లోపలివైపు రుణంగా ఉంటుంది కాబట్టి ధనావేశమున్న ఆర్జినిన్‌ను అది లాక్కుంటుంది. రక్తనాళాల లోపలి పొరలో ఉండే క్యాట్-1 అనే వాహకం ఈ జాతిది. మూడో రకం మార్పిడి వాహకాలు. లోపలినుంచి ఒకటి బయటికి పోతేనే బయటినుంచి ఒకటి లోపలికి వస్తుంది. లూసిన్‌ను తీసుకెళ్లే లాట్-1 అలాంటిదే.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి, కింది జవాబుల్లో పదేపదే వస్తుంది. చాలా వాహకాలు ఒక్క అమైనో ఆమ్లానికే కట్టుబడి ఉండవు. పోలిక ఉన్నవన్నీ ఒకే గుమ్మం దగ్గర పోటీ పడతాయి.

ప్రశ్న: గుండె జబ్బుతో ముడిపెట్టే అమైనో ఆమ్లాలు ఏవేవి?

జవాబు: ఎక్కువగా పరిశోధన జరిగినవి మూడు. హోమోసిస్టీన్, ఇది మెథియోనిన్ వాడకంలో పుట్టేది. ఏడీఎంఏ, అంటే రెండు మిథైల్ గుంపులు తగిలించుకున్న ఆర్జినిన్. మూడోది శాఖల గొలుసున్న లూసిన్, ఐసోలూసిన్, వాలిన్‌ల గుంపు, దాన్నే బీసీఏఏ అంటున్నారు. మొదటి రెండూ ప్రొటీన్ కట్టడంలో పనికొచ్చే ఇటుకలు కావు, కణం తన పనిలో తయారుచేసుకునే ఉప ఉత్పత్తులు. మూడోది మాత్రం ఆహారంనుంచే రావాలి, అది లేకుండా కండ నిలబడదు. అందుకే మూడింటినీ ఒకే గాటన కట్టి ‘చెడ్డ అమైనో ఆమ్లాలు’ అనడం సరికాదు.

ప్రశ్న: రక్తపరీక్షలో హోమోసిస్టీన్ 22 వచ్చింది. డాక్టర్‌గారు బీ విటమిన్లు రాశారు. అవి వాడితే గుండెపోటు రాకుండా ఉంటుందా?

జవాబు: ముందు ఆ 22 నిజమైనదేనా అన్నది చూసుకోవాలి. రక్తం తీసి ట్యూబులో అలాగే వదిలేస్తే ఎర్రకణాలు హోమోసిస్టీన్‌ను తయారుచేసి ప్లాస్మాలోకి పంపుతూనే ఉంటాయి. గది ఉష్ణోగ్రత దగ్గర ఇది గంటకు దాదాపు 10 శాతం చొప్పున పెరుగుతుంది. ఉదయం తీసిన ట్యూబు మూడు నాలుగు గంటలు బల్ల మీదే ఉండిపోతే 16 ఉన్నది 22 కావడానికి అడ్డేమీ లేదు. రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో తీసి, వెంటనే ఐసులో పెట్టి, గంటలోపు సెంట్రిఫ్యూజ్ చేసి ప్లాస్మా వేరుచేయాలి. వేరయ్యాక స్థిరంగానే ఉంటుంది. రెండోసారి పరగడుపున, ఈ పద్ధతిలో తీయించుకోండి. ల్యాబులో అడగడానికి మొహమాటపడవద్దు.

సాధారణంగా లీటరుకు 5 నుంచి 15 మైక్రోమోల్‌ల మధ్య ఉంటుంది. 15–30 ఓ మోస్తరు పెరుగుదల, 30–100 మధ్యస్థం, 100 దాటితే తీవ్రం. రెండోసారీ 20 పైనే వస్తే కారణం వెతకాలి. బీ12 లోపం, ఫోలేట్ లోపం, కిడ్నీ పనితీరు తగ్గడం, థైరాయిడ్ మందగించడం, మెథోట్రెక్సేట్‌లాంటి మందులు, పొగతాగడం, ఇవీ సాధారణ కారణాలు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 తగ్గడం మామూలే.

ఇక కణం సంగతి. హోమోసిస్టీన్‌కు శరీరంలో రెండు దారులున్నాయి. ఫోలేట్, బీ12 సాయంతో తిరిగి మెథియోనిన్ అవడం ఒకటి. బీ6 మీద ఆధారపడే సీబీఎస్ ఎంజైమ్ చేతిలో పడి సిస్టీన్‌గా మారడం రెండోది. కాలేయానికి, కిడ్నీకి రెండు దారులూ ఉన్నాయి. రక్తనాళపు లోపలి పొర కణాల్లో రెండోది పనిచేయదు. కాబట్టి ఫోలేట్, బీ12 తగ్గితే వాటికి మిగిలే ఉపాయం ఒక్కటే, పేరుకున్నదాన్ని బయటికి పంపేయడం. రక్తంలో కనబడే అంకె చాలావరకు ఇలా కణాలు బయటికి నెట్టినదే. బయటినుంచి లోపలికి వచ్చే దారీ ఉంది గాని, హోమోసిస్టీన్‌కు అక్కడ సొంత వాహకం లేదు, సిస్టీన్ వాడుకునే వాహకాలనే పంచుకుంటుంది. రక్తంలో సిస్టీన్ మొత్తం సుమారు 250 మైక్రోమోల్‌లు, హోమోసిస్టీన్ 10 చిల్లర. పోటీలో ఎవరిది పైచేయో చెప్పనక్కరలేదు. పైగా హోమోసిస్టీన్‌లో నాలుగింట మూడు వంతుల దాకా ఆల్బుమిన్‌కు అతుక్కుని ఉంటుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం వేరే అణువులతో జతకట్టి ఉంటుంది, ఒంటరిగా తిరిగేది 1 శాతం చుట్టూ మాత్రమే.

అంటే రక్తంలోని అంకె, కణంలోపల జరుగుతున్న ఇబ్బందికి గుర్తు. లోపల హోమోసిస్టీన్ నిలిచిపోతే దానికి ముందుమెట్టు ఎస్‌ఏహెచ్ కూడా పేరుకుని, మిథైల్ గుంపులు అతికించే ఎంజైములను అడ్డుకుంటుంది. ఏడీఎంఏను విరగ్గొట్టే ఎంజైమ్ కూడా మందగిస్తుంది.

విటమిన్ల ఫలితం గురించి దాపరికం లేకుండా చెబుతాం. ఫోలిక్ ఆమ్లం ఒక్కటే అంకెను దాదాపు 25 శాతం తగ్గిస్తుంది, బీ12 కలిపితే ఇంకో 7 శాతం. అంకె తగ్గడం ఖాయం, గుండెపోట్లు తగ్గడం మాత్రం కనబడలేదు. 2006లో వెలువడిన హోప్-2 పరీక్షలో 5,522 మందికి సుమారు 5 ఏళ్లు రోజుకు 2.5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం, 50 మిల్లీగ్రాముల బీ6, 1 మిల్లీగ్రాము బీ12 లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. గుండెపోట్లలో తేడా లేదు, పక్షవాతం కొంత తగ్గింది. అదే ఏడాది నార్వేలో గుండెపోటు వచ్చిన 3,749 మంది మీద జరిగిన నార్విట్‌లో అంకె 27 శాతం తగ్గినా లాభం లేదు. 2015లో చైనాలో 20,702 మంది రక్తపోటు రోగుల్లో మాత్రం, ఎనలాప్రిల్‌తో పాటు 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకున్నవారికి మొదటి పక్షవాతం 3.4 శాతంనుంచి 2.7 శాతానికి తగ్గింది. ఆహారంలో ఫోలేట్ కలిపే ఏర్పాటు లేని చోట అది జరిగిందన్నది గమనించాలి. లోపం ఉన్నచోట విటమిన్ పనిచేస్తుంది, లోపం లేనిచోట అంకెను దించడం వరకే.

కాబట్టి బీ విటమిన్లు వాడండి, కానీ లోపాన్ని సరిచేయడానికి. బీ12 చూడకుండా ఒట్టి ఫోలిక్ ఆమ్లం మాత్రం మొదలుపెట్టకండి. రక్తహీనత సర్దుకున్నట్టు కనబడుతుంది, నరాల దెబ్బ లోలోపల సాగిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల తరవాత మళ్లీ పరీక్ష. బీపీ, కొలెస్టరాల్ మందులను వీటి పేరు చెప్పి ఆపితే అసలుకే మోసం.

100 దాటినవాళ్ల కథ పూర్తిగా వేరు. అది సాధారణంగా సీబీఎస్ లోపంతో వచ్చే హోమోసిస్టిన్యూరియా అనే జన్యు వ్యాధి. చికిత్స లేకపోతే 30 ఏళ్ల వయసు నిండేలోపే దాదాపు సగంమందిలో రక్తపు గడ్డలు కడతాయి. ఈ పిల్లల ధమనులను చూసి అమెరికన్ వైద్యుడు కిల్మర్ మెకల్లీ 1969లో హోమోసిస్టీన్‌కూ రక్తనాళాల జబ్బుకూ సంబంధాన్ని ప్రతిపాదించారు. వీళ్లలో అంకెను దించడం నిజంగా ప్రాణాలు కాపాడుతుంది.

ప్రశ్న: ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యు పరీక్ష చేయించుకోమంటున్నారు. అవసరమా?

జవాబు: చాలామందికి అవసరం లేదు. ఫోలేట్‌ను వాడకానికి సిద్ధం చేసే ఎంజైము జన్యువు ఇది. దాని 677వ స్థానంలో ఒక మార్పు రెండు ప్రతుల్లోనూ ఉన్నవారికి ఫోలేట్ తక్కువైనప్పుడు హోమోసిస్టీన్ పెరుగుతుంది. ఫోలేట్ సరిపడా ఉంటే ఆ తేడా చాలావరకు మాయమవుతుంది. రిపోర్టు ఏది వచ్చినా చేయాల్సింది మారదు. హోమోసిస్టీన్, బీ12, ఫోలేట్ నేరుగా కొలిపించుకుంటే చాలు.

ప్రశ్న: ఆర్జినిన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ పుట్టి రక్తనాళాలు వ్యాకోచిస్తాయని చదివాను. గుండెపోటు వచ్చిన మా నాన్నగారికి ఆర్జినిన్ పొడి ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకండి. కారణం కాస్త వివరంగా చెప్పాలి.

నైట్రిక్ ఆక్సైడ్ కథ నిజమే, దాని మీద ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. కానీ దాన్ని తయారుచేసే ఈనాస్ ఎంజైముకు సగం వేగంతో నడవడానికి 3 మైక్రోమోల్‌ల ఆర్జినిన్ చాలు. కణంలో అప్పటికే కొన్ని వందల మైక్రోమోల్‌లు ఉంటుంది. లెక్క ప్రకారం ఇంకాస్త పోస్తే ఏమీ మారకూడదు. అయినా కొందరిలో ఆర్జినిన్ ఎక్కించగానే నాళాలు తెరుచుకుంటాయి. దీన్ని ఆర్జినిన్ చిక్కుముడి అంటారు.

ముడి విప్పే కొస వాహకాల దగ్గర దొరుకుతుంది. క్యాట్-1 వాహకం, ఈనాస్ ఎంజైమ్ రెండూ కణపొరలో కేవియోలా అనే చిన్న గుంటల్లో పక్కపక్కనే కూర్చుంటాయి. కణంలో ఎక్కడో నిల్వ ఉన్న ఆర్జినిన్ కన్నా అప్పుడే గుమ్మం దాటినది ఎంజైముకు ముందు అందుతుంది. ఇక ఏడీఎంఏ. శరీరంలో ప్రొటీన్లు విరిగినప్పుడల్లా కొంత ఏడీఎంఏ విడుదలవుతుంది, పెద్దవారిలో రోజుకు సుమారు 300 మైక్రోమోల్‌లు. దానిలో ఎక్కువ భాగాన్ని డీడీఏహెచ్ అనే ఎంజైమ్ కణంలోనే సిట్రులిన్, డైమిథైల్ అమీన్‌గా విరగ్గొడుతుంది, కొద్ది భాగం మూత్రంలో పోతుంది. డీడీఏహెచ్ పనిచేసే చోట ఒక సిస్టీన్ ఉంటుంది. పొగ, అధిక చక్కెర, వాపులవల్ల పుట్టే ఆక్సీకరణ దెబ్బ దాని మీద పడితే ఎంజైమ్ పడిపోతుంది. అప్పుడు ఏడీఎంఏ పేరుకుని, ఆర్జినిన్ కూర్చోవాల్సిన చోట తాను కూర్చుని ఈనాస్‌ను ఆపుతుంది.

రక్తంలో ఏడీఎంఏ లీటరుకు అర మైక్రోమోల్ చుట్టూ, ఆర్జినిన్ 60–100. ఇంత తేడా ఉన్నా ఏడీఎంఏ పనిచేస్తోందంటే, కణంలోపల అది రక్తంలోకన్నా చాలా ఎక్కువగా ఉండటమే కారణం. దాని రాకపోకలకు ఆర్జినిన్ వాడే గుమ్మమే గతి. క్యాట్-1తోపాటు వై ప్లస్ ఎల్ అనే మార్పిడి వాహకం కూడా ఉంది. అది ధనావేశమున్న అమైనో ఆమ్లాన్ని బయటికి పంపుతూ, బదులుగా లూసిన్‌లాంటి తటస్థమైనదాన్ని, ఒక సోడియంను లోపలికి తెస్తుంది. క్యాట్-1కు ఒక గుణం ఉంది. అవతలివైపు సరుకు ఉంటే ఇవతలినుంచి మోసే వేగం పెరుగుతుంది. అందుకే బయట ఆర్జినిన్ పెంచితే అది లోపలికి వస్తూ ఏడీఎంఏను బయటికి తోసే అవకాశం ఉంది. లైసిన్ ఎక్కువ ఉన్నా ఇదే గుమ్మాన్ని అడ్డుకుంటుంది.

కాగితం మీద ఇదంతా ఆర్జినిన్ ఇవ్వమన్నట్టే ఉంటుంది. ఇచ్చి చూశారు. 2006లో ప్రచురించిన వింటేజ్ ఎంఐ పరీక్షలో మొదటి గుండెపోటు వచ్చిన 153 మందిలో కొందరికి రోజుకు మూడుసార్లు 3 గ్రాముల ఆర్జినిన్, మిగతావారికి ఉత్తుత్తి పొడి ఇచ్చారు. రక్తనాళాల బిగువు గాని, గుండె పంపు చేసే బలం గాని మెరుగుపడలేదు. ఆర్జినిన్ తీసుకున్నవారిలో 6 మంది చనిపోయారు, రెండోవైపు ఒక్కరూ లేరు. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. నోటితో తీసుకున్న ఆర్జినిన్‌లో పెద్ద భాగాన్ని పేగు, కాలేయాల్లోని ఆర్జినేజ్ విరిచేస్తుంది. దెబ్బతిన్న ఈనాస్‌కు ఎక్కువ ముడిసరుకు అందినా నైట్రిక్ ఆక్సైడ్‌కు బదులు హానికరమైన సూపరాక్సైడ్ పుట్టవచ్చు.

సిట్రులిన్ ఇవ్వొచ్చా అని మీ తరవాతి ప్రశ్న వస్తుందని తెలుసు. అది కాలేయాన్ని తప్పించుకుని కిడ్నీలో ఆర్జినిన్‌గా మారుతుంది, రక్తంలో ఆర్జినిన్‌ను బాగానే పెంచుతుంది. గుండెపోట్లు తగ్గిస్తుందన్న రుజువు మాత్రం లేదు. నాన్నగారికి ఆస్పిరిన్, స్టాటిన్ వంటి రాసిచ్చిన మందులు రోజూ తప్పకుండా అందేలా చూడండి.

ప్రశ్న: కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఇవన్నీ ఎందుకు పెరుగుతాయి?

జవాబు: కిడ్నీ ఒట్టి వడపోత యంత్రం కాదు, హోమోసిస్టీన్‌నూ ఏడీఎంఏనూ విరిచే ముఖ్యమైన చోటు కూడా. ఏడీఎంఏ ఈనాస్‌ను అడ్డుకుంటుందని, కిడ్నీలు విఫలమైనవారిలో పేరుకుంటుందని తొలిసారి 1992లో బయటపడింది. దాని కవల ఎస్‌డీఎంఏ ఈనాస్‌ను నేరుగా ఆపదు గాని ఆర్జినిన్ గుమ్మం దగ్గర పోటీకి వస్తుంది, పైగా దాని వీడ్కోలు ప్రధానంగా మూత్రంలోనే.

ప్రశ్న: జిమ్‌లో రోజూ బీసీఏఏ తాగుతాను. గుండెకు ప్రమాదమా?

జవాబు: రక్తంలో లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ ఎక్కువ ఉన్నవారికి మధుమేహం, గుండె ధమనుల జబ్బు ఎక్కువగా వస్తున్నాయన్నది పలు పరిశీలనల్లో కనబడింది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణవాసులపై 2011లో వెలువడిన పరిశోధనలో ఈ మూడూ, టైరోసిన్, ఫెనైల్ అలనీన్ కలిపి అయిదు అమైనో ఆమ్లాలు మధుమేహాన్ని 12 ఏళ్ల ముందే సూచించాయి. అయితే ఏది కారణం, ఏది ఫలితం అన్నది అంత తేలిక కాదు.

ఈ మూడూ లాట్-1 ద్వారా కణంలోకి వస్తాయి. లోపలినుంచి గ్లుటమిన్ లాంటిది బయటికి పోవాలి, అప్పుడే లూసిన్ లోపలికి. తరవాత మైటోకాండ్రియా పొర దాటాలి. అక్కడి వాహకం ఎస్‌ఎల్‌సీ25ఏ44 అని 2019లో గోధుమరంగు కొవ్వు కణాల్లో తేల్చారు. లోపల బీక్యాట్ అనే ఎంజైమ్ నత్రజనిని తీసేస్తుంది, బీసీకేడీహెచ్ మిగిలినదాన్ని తిరిగిరాని మెట్టు దాటిస్తుంది. ఇన్సులిన్‌కు శరీరం స్పందించడం తగ్గినప్పుడు కాలేయంలో, కొవ్వులో ఈ చివరి మెట్టే మందగిస్తుంది, సరుకు వెనక్కి రక్తంలో నిలుస్తుంది. అంటే ఎక్కువ బీసీఏఏ చాలామందిలో పొట్ట కొవ్వుకు, ఇన్సులిన్ నిరోధకతకు గుర్తు. ఎదురు దారి కూడా ఉంది. కండలో వాలిన్ విరుగుతున్నప్పుడు పుట్టే 3-హెచ్‌ఐబీ అనే పదార్థం బయటికొచ్చి, రక్తనాళపు కణాలు కొవ్వు ఆమ్లాలను కండలోకి మరింతగా పంపేలా చేస్తుందని 2016లో ఎలుకల్లో చూపించారు. కండలో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ మాట ఇంకా తగ్గుతుంది.

ఆరోగ్యంగా ఉండి వ్యాయామం చేసేవారి కండ ఈ సరుకును కాల్చేస్తుంది. మీకు తక్షణ ప్రమాదం చెప్పలేం, అలాగని లాభమూ పెద్దగా లేదు. సరిపడా ప్రొటీన్ తింటే ఈ మూడూ అందులోనే వస్తాయి. మిగతా అవసరమైన అమైనో ఆమ్లాలు లేకుండా ఈ మూడింటితోనే కండ కట్టబడదు. పైగా ట్రిప్టోఫాన్, టైరోసిన్ కూడా లాట్-1 గుమ్మంలోంచే మెదడులోకి పోవాలి. మధుమేహం, పొట్ట కొవ్వు ఉన్నవారైతే ఆ డబ్బా మానేయడమే మా సలహా.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఎండోథీలియల్ (రక్తనాళపు లోపలి పొర) కణాల ఆర్జినిన్ గ్రహణం కొలుస్తున్నాను. ఏ వాహకం ఎంత మోస్తోందో ఎలా విడదీయాలి? అంకెలు ప్రతి వారం మారిపోతున్నాయి.

జవాబు: అంకెలు మారడానికి మొదటి అనుమానం మీడియం (కణాలను పెంచే ద్రవం) మీద. డీఎంఈఎమ్‌లో ఆర్జినిన్ 0.4 మిల్లీమోల్‌లు, ఆర్‌పీఎమ్ఐ 1640లో 1.15. పైన చెప్పినట్టు లోపలి సరుకునుబట్టి క్యాట్-1 వేగం మారుతుంది, కాబట్టి మీడియం మారితే ఫలితం మారుతుంది. సీరం బ్యాచ్ కూడా చూడండి, పశువుల సీరంలో ఆర్జినేజ్ ఉంటుంది. కణాలను రాత్రంతా ఆర్జినిన్ లేకుండా ఉంచారా, ఆకలికి క్యాట్-1 తయారీయే పెరిగిపోతుంది.

పద్ధతి ఇది. 24 గుంటల ప్లేటులో కణాలు నిండుగా పరుచుకున్నాక 37 డిగ్రీల హెపీస్ బఫర్‌తో రెండుసార్లు కడగండి. రేడియోధార్మిక ట్రిషియం తగిలించిన ఆర్జినిన్‌ను (ఇదే ట్రేసర్) 50–100 మైక్రోమోల్‌ల మామూలు ఆర్జినిన్‌తో కలిపి పోయండి. ఒకటి రెండు నిమిషాలకు మించవద్దు. ముందుగా 30 సెకన్లు, 1, 2, 5 నిమిషాల దగ్గర కొలిచి గీత సూటిగా ఉన్నంతవరకే వాడండి. 10 నిమిషాలు ఉంచితే మీరు కొలిచేది గుమ్మం దాటడాన్ని కాదు, లోపల జరిగిన మార్పులన్నిటినీ.

విడదీయడానికి నాలుగు వరసలు పెట్టండి. ఒకటి మామూలుగా. రెండోది 200 మైక్రోమోల్‌ల ఎన్-ఇథైల్ మేలిమైడ్‌తో 10 నిమిషాలు ముందే నానబెట్టి, దాంతో క్యాట్ జాతి ఆగిపోతుంది, వై ప్లస్ ఎల్ మిగులుతుంది. మూడోది సోడియం ఉన్న బఫర్‌లో 1–2 మిల్లీమోల్‌ల లూసిన్ కలిపి. నాలుగోది అదే లూసిన్, సోడియం స్థానంలో ఎన్-మిథైల్ గ్లుకమీన్‌తో. లూసిన్ సోడియం ఉన్నప్పుడే అడ్డుకుంటే అది వై ప్లస్ ఎల్. సోడియం లేకపోయినా అడ్డుకుంటే బీ-సున్నా-ప్లస్ వ్యవస్థను అనుమానించాలి. మేలిమైడ్ నానబెట్టే బఫర్‌లో డీటీటీ గాని, సిస్టీన్ గాని ఉంటే అది దాన్నే పట్టుకుని వృథా అవుతుంది, మీకు అసలు అడ్డు కనబడదు. క్యాట్ సంగతి ఖాయం చేసుకోవాలంటే పొటాషియం పెంచిన బఫర్‌లో కొలవండి. వోల్టేజీ తగ్గగానే క్యాట్ మోసే వాటా పడిపోవాలి.

ఆపేటప్పుడు 10 మిల్లీమోల్‌ల మామూలు ఆర్జినిన్ కలిపిన మంచుచల్లని బఫర్‌తో మూడుసార్లు, మొత్తం 15 సెకన్లలోపు కడగాలి. ప్లేటు ఒక చివరినుంచి ఇంకో చివరికి పైపెట్ చేస్తూ పోతే మొదటి గుంటకూ చివరి గుంటకూ అర నిమిషం తేడా వస్తుంది, రెండు నిమిషాల ప్రయోగంలో అది నాలుగోవంతు. ఒక్కో వరసను విడివిడిగా మొదలుపెట్టి విడివిడిగా ఆపండి. సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, కొంత భాగం రేడియోధార్మికత లెక్కించే కౌంటర్‌కు, కొంత ప్రొటీన్ కొలతకు. సున్నా సమయపు గుంట ఒకటి తప్పనిసరిగా పెట్టండి. ట్రేసర్ పోసిన వెంటనే కడిగేసిన ఆ గుంటలో మిగిలే కౌంట్లు ప్లాస్టిక్‌కూ కణపొరకూ అంటుకున్నవి, వాటిని ప్రతి అంకెలోంచీ తీసేయాలి.